శనివారం పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వస్తున్నారు, వంటిల్లు ఎంతవరకు ఖాళీ చేయాలి?

ప్రశాంతి_మియాపూర్
వంటగదిలో చిన్న బొద్దింకలు, పడకగది ద్వారబంధానికీ హాల్లో పుస్తకాల అలమారకూ చెదలు. రెండింటికీ ఒకేసారి మందు కొట్టించాలని మాట్లాడుకున్నాం. శ్రావణం మొదలైతే పూజలు, వచ్చేపోయే చుట్టాలు, ఇక కుదరదు.

డబ్బు ముందే కట్టించుకున్నారు. తర్వాత వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన సందేశం రెండే రెండు వాక్యాలు. వంటగది ఖాళీ చేయండి, మూడు గంటలు బయట ఉండండి. ఖాళీ అంటే ఎంతవరకు? బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, పప్పుల డబ్బాలు అన్నీ బయటికి మోయాలా? ఫోను చేస్తే "మా అబ్బాయిలు వచ్చి చెబుతారు" అంటున్నారు. వాళ్ళు గుమ్మంలో నిలబడ్డాక చెబితే అప్పుడు నేను ఏం సర్దగలను?

మా అత్తయ్యకు ఉబ్బసం ఉంది. నాలుగేళ్ళ బాబు. హాల్లో చేపల తొట్టి. రెండో అంతస్తు ఫ్లాటు. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

బెజవాడ_రాధ
మొత్తం ఖాళీ చేయండి ప్రశాంతి గారూ. సగం సగం వద్దు. మేము నిరుడు చేయించినప్పుడు ముందు రోజు సాయంత్రం నుంచే మొదలుపెట్టాం. పొయ్యి గట్టు కింద గూళ్ళలో ఉన్న గిన్నెలు, మూకుళ్ళు, ఇడ్లీ రేకులు అన్నీ తీసి పడకగదిలో దుప్పటి పరిచి పేర్చి, పైన ఇంకో దుప్పటి కప్పాం. అటక మీద ఉన్న పెద్ద గుండిగలు కూడా దించాం. గూళ్ళలో పరిచిన పాత కాగితాలు తీసి పారేయండి, వాటి కిందే గుడ్లు ఉంటాయి. గ్యాసు బండ కదిపి దాని వెనక తుడవండి. రెగ్యులేటరు కట్టేయండి. తాగే నీళ్ళ బిందె, ఫిల్టరు కుళాయి మూతి ప్లాస్టిక్ కవరుతో కట్టండి. ఆ రోజుకు వంట పెట్టుకోకండి. పొద్దున పెరుగన్నం తినేసి బయటికి వెళ్ళడమే.

కీటకాల_వేణు
నేను విశాఖలో ఇదే వృత్తిలో ఉన్నాను. రాధ గారు చెప్పింది మందు పిచికారీ చేసే పద్ధతికి సరిపోతుంది. చిన్న బొద్దింకలకు ఈ రోజుల్లో ఎక్కువగా వాడేది జెల్లు. ముందు మీకు ఏది చేస్తున్నారో అడగండి. సర్దుబాటు అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

జెల్లు అయితే గూళ్ళ మూలల్లో, తలుపు బందుల దగ్గర, సింకు కింద, ఫ్రిజ్ వెనక మోటారు పక్కన చిన్న చిన్న చుక్కలు పెడతారు. అది గాలిలో చల్లే మందు కాదు. పప్పుల డబ్బాలు మూత గట్టిగా ఉంటే పై అరల్లోనే ఉండనివ్వండి. సింకు కింద అర, పొయ్యి గట్టు కింద అరలు, సొరుగులు ఖాళీ చేస్తే చాలు. మనిషి చెయ్యి, టార్చి లోపలి మూల దాకా వెళ్ళాలి, అంతే.

అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి. ఆ ముందు వారం నుంచి బజారులో దొరికే స్ప్రేలు కొట్టకండి, గోడ అంచుల్లో చాక్‌పీసు మందు గీయకండి. గీసి ఉంటే సబ్బు నీళ్ళతో తుడిచేయండి. వాటిలో ఉండే పైరెత్రాయిడ్ అనే రకం మందు ఉంటే బొద్దింక ఆ దరిదాపులకు రాదు. జెల్లు పనిచేయాలంటే అది వచ్చి తినాలి. మీ డబ్బు వృథా అయ్యేది అక్కడే.

బెజవాడ_రాధ
మాకు పిచికారీయే చేశారు వేణు గారూ. జెల్లు అన్న మాటే ఎత్తలేదు. వాసన మర్నాటి దాకా పోలేదు.

కీటకాల_వేణు
మురుగు గొట్టాల్లో నుంచి వచ్చే పెద్ద ఎర్ర బొద్దింకలకు పిచికారీ చేస్తారు, అది తప్పు కాదు. వంటగది అరల్లో కాపురం పెట్టే చిన్నవాటికి మాత్రం జెల్లు మేలు. లేత గోధుమ రంగులో, తల వెనక రెండు నల్లని చారలతో ఉంటాయి. ఆడది గుడ్ల తిత్తిని దాదాపు పిల్లలు వెలువడే దాకా ఒంటికే పెట్టుకుని తిరుగుతుంది. ఒక్కో తిత్తిలో ముప్ఫై నలభై పిల్లలు. పైపైన పిచికారీ చేస్తే కనబడినవి చస్తాయి, సందుల్లో ఉన్నవి ఇంకా లోపలికి జరుగుతాయి.

ప్రశాంతి_మియాపూర్
సరిగ్గా అవే, రెండు చారలవి. ఇప్పుడే ఫోను చేసి గట్టిగా అడిగాను. వంటగదికి జెల్లు, స్నానాల గదుల మురుగు జాలీల దగ్గర పిచికారీ, చెదలకు గోడ అంచున రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తారట. ఈ మాట సందేశంలోనే రాసి ఉంటే నాకు ఇంత ఆందోళన ఉండేది కాదు.

వేణు గారూ, జెల్లు పెట్టే ముందు వంటగది కడగాలా, తర్వాతా?

కీటకాల_వేణు
ముందే. ఎంత శుభ్రంగా కడిగితే అంత మంచిది. పొయ్యి వెనక జిడ్డు, మిక్సీ కింద పడిన పిండి, చెత్తబుట్ట అడుగు, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలు. ఇంట్లో తినడానికి వేరే ఏమీ దొరకనప్పుడే బొద్దింక జెల్లు వైపు చూస్తుంది. కడిగిన గూళ్ళు పూర్తిగా ఆరాలి, తడి మీద చుక్క నిలవదు. జెల్లు పెట్టాక ఆ మూలలు కడగకూడదు. ఫినాయిలు అసలే వద్దు. అరల మధ్య భాగం తడి గుడ్డతో తుడుచుకోవచ్చు.

తెనాలి_పుస్తకాలు
చెదల సంగతి నేను చెబుతాను. మా నాన్నగారి పుస్తకాలు రెండు అలమారలు ఉన్నాయి మా ఇంట్లో.

మందు కొట్టేవాళ్ళు వచ్చే దాకా చెదల మట్టి గొట్టాలను గీకేయకండి. చూడటానికి అసహ్యంగా ఉంటుంది, చీపురు తీసుకుని దులపాలనిపిస్తుంది. కానీ అవి ఎటు నుంచి వస్తున్నాయో, ఎక్కడికి పోతున్నాయో తెలిపే దారి అదే. దులిపేస్తే వాళ్ళకు ఆనవాలు దొరకదు, చెదలు పక్క నుంచి ఇంకో దారి వేసుకుంటాయి. ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి.

పుస్తకాలు మాత్రం అన్నీ దించాలి. ఒక్కొక్కటి తెరిచి పుటల మధ్యలో, అట్ట మడతలో చూడాలి. చెద తిన్నది వేరుగా, బాగున్నది వేరుగా పెట్టండి. తిన్నవాటిని ఇంకో గదిలోకి తీసుకుపోకండి, బాల్కనీలో దులపండి. బాగున్నవాటిని అట్టపెట్టెల్లో పెట్టి నేల మీద దించకండి. చెదకు అట్టపెట్టె అంటే విందు భోజనం. ప్లాస్టిక్ డబ్బాలు ఉంటే మేలు, లేకపోతే మంచం మీద పేర్చండి. అలమార వెనక చెక్క విప్పించి గోడ చూపించండి. మా దగ్గర అలమార ముందు భాగం అద్దంలా ఉంది, వెనక పలక వేలు పెడితే పొడి అయింది.

ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు ముందుగా వేరే చోటికి మార్చండి. పుస్తకం పోతే బాధ, దస్తావేజు పోతే కార్యాలయాల చుట్టూ తిరగాలి.

ప్రశాంతి_మియాపూర్
అయ్యో, ఒక వైపు గొట్టం మా పనమ్మాయి నిన్ననే దులిపేసిందండీ. ద్వారబంధం వైపుది మాత్రం అలాగే ఉంది. దాని మీద కాగితం అంటించి "ముట్టుకోవద్దు" అని రాశాను.

గుంటూరు_సివిల్
రంధ్రాలు వేస్తారన్నారు కాబట్టి ఒక మాట. గోడ, నేల కలిసే చోట 12 మిల్లీమీటర్ల వెడల్పుతో, సుమారు 300 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వేస్తారు. కట్టిన ఇళ్ళకు చెద మందు ఎలా వేయాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. మీరు ఆ పేరు ఎత్తితేనే వచ్చినవాళ్ళు కాస్త జాగ్రత్తగా పని చేస్తారు.

మంచాలు, సోఫాలు, బీరువాలు గోడ నుంచి కనీసం రెండు అడుగులు జరపాలి. యంత్రం పట్టుకుని మనిషి మోకాళ్ళ మీద కూర్చోవడానికి చోటు కావాలి. బట్టల బీరువా నిండుగా ఉంటే కదలదు, ముందు రోజే ఖాళీ చేయండి. ఇటుక, సిమెంటు దుమ్ము బాగా లేస్తుంది. టీవీ, కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గోడలో దాచిన నీటి గొట్టాలు, కరెంటు తీగలు. స్నానాల గదికి ఆనుకున్న గోడ అయితే మరీ. ఫ్లాటు కొన్నప్పుడు ఇచ్చిన ప్లంబింగు నక్ష ఉంటే బయటికి తీయండి.

ప్రశాంతి_మియాపూర్
నక్ష లేదండీ. మేము రెండో యజమానులం. పడకగది ద్వారబంధం పక్కనే స్నానాల గది.

గుంటూరు_సివిల్
అయితే స్నానాల గది లోపలికి వెళ్ళి కుళాయిలు, గీజరు ఎక్కడున్నాయో చూసి, వాటికి నేరుగా కిందికి, పక్కకి సుద్దతో గీతలు గీయండి. గొట్టాలు మామూలుగా నిలువుగా లేదా అడ్డంగా పోతాయి, ఐమూలగా పోవు. ప్లగ్గుల దగ్గరా అంతే. ఆ గీతల మీద రంధ్రం వద్దని చెప్పండి. అనుమానం ఉన్న చోట గోడకు కాకుండా చెక్క ద్వారబంధానికే సన్నని రంధ్రాలు వేసి సిరంజితో మందు ఎక్కించమనండి. పని జరిగేటప్పుడు నీటి వాల్వు ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి.

రంధ్రాలు తెల్ల సిమెంటుతో పూడుస్తారు. మీ టైల్సు రంగు వేరైతే ఆ రంగు పొడి కొద్దిగా మీరే కొని ఉంచండి.

కడప_శ్రీను
సొంత ఇల్లు ఉన్నవాళ్ళ కోసం అడుగుతున్నాను. మాకు గుమ్మం పక్కనే నీళ్ళ సంపు. అక్కడ కూడా చెద మందు వేయవచ్చా?

గుంటూరు_సివిల్
సంపు గోడను ఆనుకుని వేయనివ్వకండి. గోడలో ఒక్క చీలిక ఉన్నా మందు తాగే నీళ్ళలోకి దిగుతుంది. పనివాళ్ళు రాగానే సంపు, బోరు, బావి ఎక్కడున్నాయో స్వయంగా చూపించండి. చాలాసార్లు సంపు మూత మీద పూలకుండీలు పెట్టి ఉంటాయి, వాళ్ళకు అది కనబడదు.

చేపలతొట్టి_కిరణ్
ఎవరూ చేపల గురించి చెప్పలేదు! స్నానాల గదుల్లో పిచికారీ అన్నారు కదా. పైరెత్రాయిడ్ మందులు చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. తొట్టికి గాలి ఎక్కించే మోటారు గదిలోని గాలినే లాగి నీళ్ళలోకి పంపుతుంది, అందులో మందు తుంపర ఉంటే అది కూడా లోపలికి వెళుతుంది. తొట్టిని పక్కింటికి మార్చగలిగితే అదే మంచిది. పెద్ద తొట్టి అయితే చేపలను పాత నీళ్ళతోనే బకెట్లోకి తీసి పంపండి. అదీ కుదరకపోతే మోటారు ఆపి, తొట్టి మొత్తం ప్లాస్టిక్ షీటుతో కప్పి అంచులు టేపుతో అంటించండి. గది గాలి పూర్తిగా మారాకే మోటారు వేయండి. చేపల మేత డబ్బా కూడా తీసేయండి.

పిల్లి_మణి
పిల్లులు ఉన్నవాళ్ళు కూడా చదువుతుంటే గుర్తుంచుకోండి, పెర్మెత్రిన్ అనే మందు కుక్కల కంటే పిల్లులకు చాలా ప్రమాదం. వాటి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకుతాయి. పూర్తిగా ఆరే వరకు ఇంట్లోకి రానివ్వకండి.

అమలాపురం_నర్సు
ప్రశాంతి గారూ, అత్తయ్య గారిని మూడు గంటలు కాదు, ఆ రోజంతా వేరే ఇంట్లో ఉంచండి. రాత్రి కూడా ఉంచగలిగితే ఇంకా మంచిది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు మందు ఒక్కటే సమస్య కాదు, రంధ్రాల దుమ్ము కూడా ఊపిరి పట్టేస్తుంది. ఇన్‌హేలరు ఆమె చేతి సంచిలోనే ఉండాలి. సర్దే హడావిడిలో మందుల డబ్బా దుప్పట్ల అడుగున పడిపోతుంటుంది.

బాబు బొమ్మలు, పక్క గుడ్డలు, నోట్లో పెట్టుకునేవి అన్నీ సంచుల్లో కట్టి పైన పెట్టండి. పిల్లలు నేల మీదే ఆడుకుంటారు కనుక తిరిగి వచ్చాక వాళ్ళు తిరిగే నేల మధ్య భాగం తుడిచాకే దించండి. గర్భిణులు ఎవరైనా ఉంటే వాళ్ళు కూడా ఇంట్లో ఉండకూడదు, సర్దుడు పనికి వచ్చే ఆడవాళ్ళతో సహా. పనమ్మాయిని ఈ మాట అడగడం చాలామంది మరిచిపోతారు.

మందు డబ్బా మీద చీటీ ఫొటో తీసుకోండి. డైమండు ఆకారపు గుర్తు ఉంటుంది, దాని కింది సగం రంగు చూడండి. ఎరుపు అతి విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఎవరికైనా వాంతులు, ఆయాసం, కళ్ళు మసకబారడం వంటివి వస్తే 108కి ఫోను చేసి ఆ ఫొటో వైద్యుడికి చూపించండి. ఏ మందో తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.

ప్రశాంతి_మియాపూర్
అత్తయ్య కదలనంటున్నారు. పూజ గది ఎవరో వచ్చి ముట్టుకుంటారని ఆవిడ భయం. "నేను ఇక్కడే తలుపు వేసుకుని కూర్చుంటాను" అంటున్నారు.

సుజాత_రాజమండ్రి
పూజ గది ముందు రోజు సాయంత్రం ఆవిడ చేతనే సర్దించండి. విగ్రహాలు, పటాలు ఆవిడే తీసి పట్టు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంటే ఎవరూ ముట్టుకునే ప్రసక్తే లేదు. మా అమ్మమ్మకు అలాగే చెప్పాం. తాళంచెవి కొంగున కట్టుకుని హాయిగా మా పిన్ని ఇంటికి వెళ్ళింది. అక్కడ జంతికలు కూడా వేయించుకుని తెచ్చింది, మందు కొట్టించిన రోజు మా అందరికీ అదే పండగ!

దీపం మాత్రం వెలిగించి వదలకండి. అఖండ దీపం అలవాటు ఉన్నా ఆ రోజు కొండెక్కించాల్సిందే. పిచికారీ మందుల్లో కొన్నింటిలో నూనె, ద్రావకాలు ఉంటాయి, మంట అంటుకుంటుంది.

ఉప్పల్_రాజు
ఇంత శ్రమ, ఇంత ఖర్చు ఎందుకండీ? మా ఊళ్ళో ధాన్యం కొట్టులో పెట్టే బిళ్ళలు ఉంటాయి. నాలుగు గదుల్లో నాలుగు పెట్టి తలుపులు వేసి ఊరికి వెళ్ళిపోతే నల్లి, బొద్దింక, చెద అన్నీ పోతాయి.

అమలాపురం_నర్సు
రాజు గారూ, ఈ సలహా ఎవరూ పాటించకూడదు. నేను అత్యవసర విభాగంలో పనిచేశాను. ఆ బిళ్ళ అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే వాయువు వదులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. మీరు ఊరికి వెళతారు, గోడకు అవతల పక్కింటివాళ్ళ పిల్లలు నిద్రపోతుంటారు. ఆ వాయువు తలుపు సందుల్లోంచి, కరెంటు గొట్టాల్లోంచి వాళ్ళ గదిలోకి వెళుతుంది. దయచేసి ఊళ్ళో కూడా ఎవరికీ చెప్పకండి.

కీటకాల_వేణు
నర్సు గారి మాటకు తోడుగా. ఆ బిళ్ళలు మామూలు జనానికి అమ్మడమే చట్టవిరుద్ధం. ప్రభుత్వ సంస్థలకూ, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళకూ మాత్రమే, అది కూడా నిపుణుల పర్యవేక్షణలో. గోదాముల కోసం తయారైంది, మనుషులు నిద్రపోయే ఇళ్ళకు కాదు. పైగా నేలలో గూడు ఉన్న చెదకు అది చేసేది ఏమీ లేదు.

అలాగే ఎవరైనా చీటీ లేని సీసాలో మందు తెస్తే లోపలికి రానివ్వకండి. ఘాటు వాసన వస్తేనే పని చేస్తుందని జనం నమ్ముతారు కనుక కొందరు ఇంకా డైక్లోర్వాస్ అనే పురుగుమందు కలుపుతున్నారని వింటుంటాం. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అది 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషిద్ధం. పెస్ట్ కంట్రోల్ చేసేవాళ్ళకు క్రిమిసంహారక మందుల చట్టం, 1968 కింద లైసెన్సు ఉండాలి. చూపించమని అడగడం మీ హక్కు. మంచిగా పనిచేసేవాళ్ళం అడిగితే నొచ్చుకోం.

ఉప్పల్_రాజు
పక్కింటివాళ్ళ సంగతి నా ఆలోచనకు రాలేదు. అపార్టుమెంట్లలో వద్దు, సరే. మరి నల్లులకు ఏం చేయాలి? మా తమ్ముడి హాస్టలు గదిలో విపరీతంగా ఉన్నాయి. మే నెల ఎండలో పరుపులు మేడ మీద వేస్తే చావవా?

న్యూజెర్సీ_శైలజ
ఎండ పరుపు పై పొరను కాలుస్తుంది కానీ లోపలి దాకా వెళ్ళదు రాజు గారూ. నల్లి చల్లగా ఉన్న కింది వైపుకు జరిగిపోతుంది. ఇక్కడ మా అపార్టుమెంటులో నల్లులు వచ్చినప్పుడు యంత్రాలతో గది మొత్తాన్ని 50 డిగ్రీల పైకి వేడెక్కించి కొన్ని గంటలు అలాగే ఉంచారు. దానికి ముందు ఇచ్చిన సూచనల కాగితం చాలా పెద్దది. మందులు, కొవ్వొత్తులు, చాక్లెట్లు, రంగు డబ్బాలు, సంగీత వాద్యాలు తీసేయాలి. మా అమ్మాయి వాయించే వీణను పక్కన ఉన్న స్నేహితుల ఇంటికి పంపే ముందు కూడా సందు సందూ పరిశీలించి చూశాం.

కీటకాల_వేణు
మన దగ్గర వేడి పద్ధతి తక్కువ, మందే ఎక్కువ. హాస్టలు గదికి అయితే బట్టలన్నీ అక్కడే ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి, ఆ సంచితోనే లాండ్రీకి. 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతికి, తిరిగి కొత్త సంచిలోకి. సంచి కట్టకుండా మెట్ల మీదుగా మోసుకెళితే దారి పొడవునా పంచుకుంటూ వెళ్ళినట్టే. మంచం మరలు విప్పి నిలబెట్టాలి. గోడకున్న కేలండరు, ప్లగ్గు మూత, పరుపు కుట్టు అంచు అన్నీ నల్లి ఇళ్ళే.

రెండోసారి తప్పదు. గుడ్లు మందుకు చావవు, వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. అందుకే రెండు వారాలకు మళ్ళీ కొడతారు. ఒక్క గదికే చేయిస్తే కూడా లాభం లేదు, అటూ ఇటూ ఉన్న గదులకు కూడా చేయించమని హాస్టలు వాళ్ళను అడగండి.

బెజవాడ_రాధ
కిరోసిన్ పూయమని చెప్పేవాళ్ళు కూడా ఉంటారు రాజు గారూ, అది వినకండి. మంచం అంటుకుంటే నల్లులతో పాటు ఇల్లూ పోతుంది.

ప్రశాంతి_మియాపూర్
ఈ రోజు పని అయిపోయింది, అందరికీ చెప్పాలని కూర్చున్నాను.

అత్తయ్య పూజ గది తానే సర్దుకుని ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. సుజాత గారికి ఆవిడ తరఫున కూడా ధన్యవాదాలు. చేపలు పక్క ఫ్లాటులో క్షేమం. పుస్తకాల అలమార వెనక పలక విప్పితే తెనాలి గారు చెప్పినట్టే ఉంది, లోపల అంతా మట్టి. చెద తిన్న పుస్తకాలు బాల్కనీలో వేరుగా పెట్టాం.

ఇద్దరు అబ్బాయిలు వచ్చారు. లైసెన్సు అడిగితే ఫోనులో ఉన్న ప్రతి చూపించారు. చెద మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం, సీలు ఉన్న సీసా నా ముందే తెరిచారు. లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు అని చీటీ మీద ఉంది, కొలిచి కలిపారు. వాసన దాదాపు లేదు. స్నానాల గది వైపు గోడకు సుద్ద గీతలు చూసి "ఇలా అందరూ గీసి పెడితే మాకు భయం ఉండదు" అన్నాడు ఒకతను.

నన్ను బాధపెట్టింది ఒక్కటే. వాళ్ళిద్దరికీ చేతి తొడుగులు లేవు, ముఖానికి చేతి రుమాలు కట్టుకున్నారు. అడిగితే సంస్థ ఇవ్వలేదన్నారు. మా ఇంట్లో ఉన్న మాస్కులు, రబ్బరు తొడుగులు ఇచ్చి, అవి వేసుకున్నాకే పని మొదలుపెట్టించాను. మనం మూడు గంటలు బయట ఉండాలని సందేశం పంపుతారు, ఆ మూడు గంటలూ లోపల ఉండేవాళ్ళకు ఒక మాస్కు ఇవ్వరు. సంస్థకు ఈ విషయం రాతపూర్వకంగా పంపాను.

కీటకాల_వేణు
మీరు రాసి పంపడం చాలా మంచి పని. మేము చెబితే వినరు, డబ్బు కట్టినవాళ్ళు చెబితే వింటారు. పని అయ్యాక వాళ్ళు చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు ఇవ్వండి. అంతకు ముందు టీ, బిస్కట్లు ఇవ్వకండి. మర్యాదగానే ఇస్తారు, కానీ మందు చేతులతో తింటారు. మందు ఖాళీ సీసా ఇంట్లో వదిలి వెళ్ళనివ్వకండి, నూనె పోసుకోవడానికి ఎవరో ఒకరు దాచుకుంటారు.

తెనాలి_పుస్తకాలు
తిన్న పుస్తకాలను వెంటనే పారేయకండి. లోపలి పేజీలు బాగుంటే బాగా ఆరబెట్టి, దులిపి, మళ్ళీ కుట్టించవచ్చు. తెనాలిలో మాకు బైండింగు చేసే పెద్దాయన ఒకరు ఉన్నారు, సగం పోయిన నిఘంటువును నిలబెట్టారు. అలమార తిరిగి పెట్టేటప్పుడు గోడకు ఆనించకండి, నాలుగు వేళ్ళ సందు ఉంచండి. వెనక ఏం జరుగుతోందో కంటికి కనబడాలి.

ప్రశాంతి_మియాపూర్
ఇంకో సందేహం. పట్టపగలు వంటగది నేల మీదికి బొద్దింకలు తూలుతూ వస్తున్నాయి. ముందు రాత్రిపూటే కనిపించేవి. మందు పనిచేయలేదా?

కీటకాల_వేణు
పనిచేస్తోంది కాబట్టే వస్తున్నాయి. విషం తిన్నది పగలూ రాత్రీ తేడా లేకుండా తిరుగుతుంది. చచ్చినవాటిని చీపురుతో ఎత్తేయండి, స్ప్రే మాత్రం కొట్టకండి. రోజురోజుకూ తగ్గుతాయి. రెండు వారాల తర్వాత కూడా తగ్గకపోతే వారంటీ కింద మళ్ళీ పిలవండి. పనమ్మాయికి గోధుమ రంగు చుక్కలు చూపించి తుడవవద్దని చెప్పారా?

ప్రశాంతి_మియాపూర్
చెప్పాను. మా ఫ్లాటు కింద, పైన ఉన్నవాళ్ళ వంటగదుల్లో కూడా ఉన్నాయట. వాళ్ళవి మళ్ళీ మా ఇంటికి వస్తాయా?

గుంటూరు_సివిల్
వస్తాయి. ఒకే వరుసలో ఉన్న వంటగదుల గొట్టాలన్నీ ఒకే షాఫ్టులోంచి పోతాయి. సింకు కింద గొట్టం గోడలోకి వెళ్ళే చోట చుట్టూ ఉన్న ఖాళీని సిమెంటుతో గానీ సిలికాన్‌తో గానీ పూడ్పించండి. మురుగు జాలీలకు సన్నని వల బిగించండి.

మియాపూర్_సంఘం_కార్యదర్శి
ఇది చూసి మా సంఘంలో మాట్లాడాం. ఒక వరుసలో ఉన్న ఫ్లాట్లన్నింటికీ ఒకే రోజు చేయిస్తే ధర కూడా తగ్గిస్తామన్నారు. షాఫ్టులోనూ, కింద మ్యాన్‌హోళ్ళలోనూ సంఘం ఖర్చుతో కొట్టిస్తున్నాం. రాధ గారి సర్దుడు పద్ధతి, వేణు గారి జెల్లు జాగ్రత్తలు, నర్సు గారు చెప్పినవి కలిపి ఒక కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించాలనుకుంటున్నాను. ముగ్గురికీ అభ్యంతరం లేదు కదా?

బెజవాడ_రాధ
అంటించండి. పిచికారీకి అయితే మొత్తం ఖాళీ, జెల్లుకు అయితే కింది అరలు అని స్పష్టంగా విడదీసి రాయండి. నాది మొత్తంగా రాస్తే జనం జెల్లుకు కూడా అటకలు దింపుకుంటారు.

అమలాపురం_నర్సు
తేదీ కనీసం వారం ముందు రాయండి. ఇంట్లో ఉబ్బసం, గర్భిణి, పసిపిల్లలు ఉన్నవాళ్ళు ఎక్కడ ఉండాలో చూసుకోవడానికి సమయం కావాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు మాత్రం కాగితం చాలదు, ఎవరైనా వెళ్ళి బీరువా జరపడానికి సాయం చేయాలి.

మియాపూర్_సంఘం_కార్యదర్శి
మూడో అంతస్తులో అలాంటి దంపతులు ఉన్నారు. ముందు రోజు సాయంత్రం మేము నలుగురం వెళ్ళి సర్ది వస్తాం.